ప్రభువు బల్లకు లేసుగుడ్డ

మార్చి ఒకటో తారీఖు పొద్దున్న మా అత్తగారు ఒక్క మాటతో నా జబ్బు నయం చేసేశారు.

ప్రతి నెలా ఒకటిన సచివాలయం నుంచి హేమశ్రీ అనే పిల్ల మా పేటకి పింఛన్లు పంచడానికి వస్తుంది. తెల్లారేసరికల్లా చేతిలో మెషిను, భుజాన సంచీతో గుమ్మంలో ఉంటుంది. మా అత్తగారు సంపూర్ణమ్మ గారికి వృద్ధాప్య పింఛను. ఆ రోజుకి ఆవిడ తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు అరుగు మీద కూర్చుంటారు. వేలిముద్ర అయ్యాక హేమశ్రీ మంచినీళ్ళు అడిగింది. గ్లాసు తెచ్చి అందించబోయాను. అది కాస్తా నా చేతిలోంచి జారి మెట్టు మీద పడింది. స్టీలు గ్లాసు కాబట్టి పగల్లేదు గానీ, ఆ చప్పుడు పేట మొత్తానికీ వినబడి ఉంటుంది.

హేమశ్రీ గ్లాసు వంక చూడలేదు. నా చేతుల వంక చూసింది. కణుపులు ఉబ్బి, వేళ్ళన్నీ చిటికెనవేలి వైపుకి వాలిపోయి, గాలికి ఒరిగిన వరిచేనులా ఉంటాయి నా చేతులు.

"అక్కా, ఎన్నాళ్ళ నుంచండి ఇలా? సదరం సర్టిఫికెట్‌కి పెట్టుకోలేదేంటండి? డాక్టర్లు చూసి నలభై శాతం వైకల్యం అని రాస్తే చాలండి, నెలకి ఆరువేలు వస్తాయి. మామ్మగారి పింఛను ఆగుతుందని భయపడకండి, అది వేరు, ఇది వేరు."

నేను నోరు తెరిచేలోగా అత్తగారు అందుకున్నారు.

"మా కోడలికి ఏ రోగమూ లేదమ్మా. ప్రభువు ఎప్పుడో బాగుచేశాడు. ఊరందరికీ తెలుసు. చెయ్యి తడిగా ఉండి జారింది, అంతే."

నేను చేతులు పైటచెంగు కింద దాచుకున్నాను. "అవునండి, తడిచెయ్యి" అన్నాను. హేమశ్రీ చదువుకున్న పిల్ల. మా ఇద్దరి ముఖాలూ చూసి పక్కింటికి వెళ్ళిపోయింది.

అసలు సంగతి చెప్పకపోతే మా అత్తగారు మీకు రాక్షసిలా కనబడతారు. ఆవిడ రాక్షసి కాదు.

రెండేళ్ళ కిందట మా పేటలో మూడు రోజులు ఉజ్జీవ సభలు జరిగాయి. అప్పటికే నాకు కీళ్ళవాతం పట్టుకుని నాలుగేళ్ళయింది. దానికి తోడు షుగరు. అత్తగారు నా కోసం నలభై రోజులు ఒంటిపూట తిని ప్రార్థన చేశారు. డెబ్భై ఏళ్ళ మనిషి కోడలి కోసం కడుపు మాడ్చుకోవడం మీరెక్కడన్నా చూశారా? నేను చూశాను. సభల చివరి రోజున పెద్ద ప్రసంగీకులు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మర్నాటికి వాపు తీసింది. వారం తిరిగేసరికి గుప్పెట ముడుచుకుంది. అదే వారంలో మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు కూడా చేయించుకున్నాను. పనిచేసింది ప్రార్థనో, సూదో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. రెండూ అయినా అయ్యుండొచ్చు. కానీ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు నేను ఒకటే చెప్పాను, రెండోది మింగేశాను.

సాక్ష్యమంటే మాలో చిన్న సంగతి కాదు. సంఘమంతటి ముందూ నిలబడి, దేవుడు నాకు ఈ మేలు చేశాడని నోటితో ఒప్పుకోవడం. అందరికీ కనబడేలా గుప్పెట ముడిచి, తెరిచి, మళ్ళీ ముడిచి చూపించాను. ఎవరో ఫోన్లో తీసి యూట్యూబులో పెట్టారు. మా పేటలో ఎవరి పెళ్ళి వీడియోనూ అంతమంది చూసి ఉండరు. పైగా ఆ ఊపులో నోరు జారి, "వచ్చే ఈస్టరుకి ఈ చేతులతోనే ప్రభువు బల్లకి లేసుగుడ్డ అల్లి ఇస్తాను" అని మొక్కుకున్నాను. రొట్టె, ద్రాక్షారసం పెట్టి సంస్కారం ఇచ్చే బల్ల అది.

మా పేట ఆడవాళ్ళందరిదీ లేసు పనే. నర్సాపురం నుంచి ఏజెంటు దారం తెచ్చి ఇస్తాడు, మేం అరుగుల మీద కూర్చుని అల్లి ఇస్తాం. పదేళ్ళప్పుడు మా అమ్మ నా చేతికి కొక్కెం సూది ఇచ్చింది. ఆ సూదితోనే పెరిగాను, పెళ్ళి చేసుకున్నాను, ఇల్లు నడిపాను. బల్లగుడ్డ ఆరడుగులది. ఒక కొసన మొదలుపెట్టి వరస మీద వరస అల్లుకుంటూ పోయాను. ఇంకో మూర పైచిలుకు మిగిలిందనగా వాపు తిరిగొచ్చింది. ఈసారి వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం ఏడ్చి ఏడ్చి నిద్రపోయి లేచేసరికి నా దారపుబుట్ట కనబడలేదు. తలుపు సందులోంచి చూస్తే అత్తగారు అరుగు మీద గోడ వైపు తిరిగి కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని బల్లగుడ్డ అల్లుతున్నారు. ఆవిడ నాకు చెప్పలేదు. నేను చూశానని ఆవిడతో చెప్పలేదు. ఈస్టరు నాటికి గుడ్డ బల్ల మీదకి ఎక్కింది. సంఘమంతా స్తోత్రం అంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా, అందుకని అత్తాకోడళ్ళిద్దరం ఒకరి దగ్గర ఒకరం కూడా పెదవి విప్పకుండా రెండేళ్ళు కాపురం చేశాం.

సరే, మార్చి నెలకొద్దాం.

గ్లాసు పడిన నాలుగు రోజులకి శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈస్టరుకి ముందు నలభై రోజులు, రోజుకో ఇంట్లో సాయంత్రం ప్రార్థన పెట్టుకుంటాం. మొదటి వారమే మా ఎదురింటి కరుణమ్మ వదినగారింట్లో కూటం. చాప మీద కూర్చోవడమే నాకు గండం, లేవడం రెండో గండం. పాట అయ్యాక అత్తగారు నా మోచెయ్యి పొడిచారు.

"అమ్మాయ్, నీ సాక్ష్యం చెప్పు. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు వినలేదు."

చెప్పాను. బైబిలు కింద చేతులు పెట్టుకుని, మొదట్నుంచీ చివరిదాకా చెప్పాను. కరుణమ్మ వదిన నేలచూపులు చూస్తూ కూర్చుంది. ఆవిడకి నిద్రొస్తోందేమో అనుకున్నాను. ఇంటికొచ్చాక రూబీ నా జాకెట్టు హుక్కులు విప్పుతూ అంది, "అమ్మా, చెప్తుంటే నీకు సిగ్గేయదా?"

రూబీ మా ఒక్కగానొక్క కూతురు. అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాస్తోంది. పొద్దున్నే నాకు జడ వేసి, హుక్కులు పెట్టి, నీళ్ళు తోడి, పాలిటెక్నిక్ పక్కన ఉన్న సెంటరుకి పరీక్షకి పరిగెత్తేది. నర్సింగు చదవాలని దాని కోరిక. నా చేతులు పట్టుకుని చూసీ చూసీ పుట్టిన కోరిక అది. వాళ్ళ నాన్న రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు లోడు చేస్తారు. ఆయన కూలితో ఇల్లూ, నా మందులూ గడిచేసరికి దాని చదువుకి ఏమీ మిగలదు. నేను లేసు అల్లినన్నాళ్ళూ నా మందులు నేనే కొనుక్కున్నాను. ఆ సూది ఆగిపోయాక రూబీ చదువు మీద పడింది దెబ్బ. పరీక్షలవగానే రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్ళే వ్యాన్ ఎక్కేస్తానని అది అప్పటికే చెప్పేసింది. ఆ వ్యాన్ ఎక్కిన పిల్లలు మళ్ళీ పుస్తకం పట్టుకోవడం మా పేటలో ఎవరూ చూడలేదు.

ఆ పింఛను వస్తే నా మందులు నావి. అప్పుడు మా ఆయన కష్టం దాని ఫీజుకి మిగులుతుంది. సంగతి ఇంతే. కానీ దానికి నేను ఇంకో బల్ల ముందు నిలబడి, నాకు నయం కాలేదని ఇంకో సాక్ష్యం చెప్పాలి. అదన్నా గుట్టుగా జరుగుతుందా అంటే, ఒకటో తారీఖున గుమ్మంలోకి వచ్చి, ఫోటో తీసి మరీ ఇస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మా ఆయన జీవరాజు మార్కెట్ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అడిగాను.

"ఏవండీ, సదరానికి పెట్టుకోమంటారా?"

ఆయన చాలాసేపు కాళ్ళే కడుక్కున్నారు.

"నీ ఇష్టం ఆశా."

"నా ఇష్టమని మీరు తప్పుకుంటే ఎలాగండి?"

"మరేం చెప్పను? అమ్మకి తెలిస్తే నా ఉపవాసం అబద్ధమా అంటుంది. పెట్టుకోవద్దంటే పిల్ల షెడ్డుకెళ్తుంది. ఎవరి వైపు మాట్లాడినా నాకు అన్నం దిగదు."

అంత బరువు గెలలు భుజాన ఎత్తుకునే మనిషి, ఒక్క మాట బరువు ఎత్తుకోలేకపోయారు. నాకు కోపమొచ్చింది. కానీ ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ తువ్వాల్ని కళ్ళ దగ్గరే ఉంచేశారు. 

మర్నాడు అత్తగారు స్త్రీల కూటానికి వెళ్ళిన సమయం చూసి సచివాలయానికి నడిచాను. హేమశ్రీ ప్రశ్నలు వేయలేదు, ఆధార్ తీసుకుని స్లాటు పెట్టింది. ఫోనుకి మెసేజి వచ్చింది, శ్రమల దినాల్లో అయిదో వారం, మంగళవారం, టౌన్లో పెద్దాసుపత్రి.

"ఇప్పుడు పోతే మళ్ళీ ఎన్ని నెలలకి దొరుకుతుందో చెప్పలేనండి. తప్పకుండా వెళ్ళండక్కా. ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు."

ఉన్నది ఉన్నట్టు. ఎంత తేలిగ్గా అందో!

మంగళవారం నాడు రూబీకి గౌను కొనడానికి వెళ్తున్నామని అత్తగారితో అబద్ధం చెప్పి, తల్లీకూతుళ్ళం బస్సెక్కాం. ఆసుపత్రి వరండాలో చాంతాడంత వరస. నా ముందు వీరబ్రహ్మం గారని ఒక వడ్రంగి, పోలియో కాలు. మూడోసారి వచ్చారట.

"ఏంటమ్మా, ఇంత చక్కగా తయారయ్యొచ్చారు?" అన్నారు నా ఇస్త్రీ చీర చూసి. "మనం పేరంటానికి రాలేదండి. ఇక్కడ ఉన్న కష్టం దాచుకోకూడదు. నేనైతే మొదటిసారి గొప్పకి పోయి కర్ర లేకుండా నడిచి చూపించాను. శాతం తగ్గించి రాశారు. అప్పట్నుంచీ తిరుగుతూనే ఉన్నాను."

నాకు నవ్వొచ్చింది. ఇంత తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారా అనుకున్నాను.

నా పేరు పిలిచారు. రూబీని బయటే ఉండమన్నారు. లోపల డాక్టరుగారు, ఆయన పక్కన రిజిస్టరు రాస్తూ ఒక నర్సు. డాక్టరుగారు అలిసిపోయి ఉన్నారు గానీ మంచిగానే మాట్లాడారు. ఎక్స్‌రేలు వెలుతురుకి పట్టుకుని చూశారు.

"ఎన్నేళ్ళయిందమ్మా?"

"ఆరేళ్ళండి."

"రెండు చేతులూ ముందుకు పెట్టండి. గుప్పెట ముడవండి."

సరిగ్గా అప్పుడే ఆ నర్సు తలెత్తింది.

"మీరు ఆశాజ్యోతి గారు కదండీ! వందనాలండి! సాక్ష్యం చెప్పిన ఆవిడే కదూ?" లేచి నిలబడింది. "సార్, ఈవిడది పెద్ద అద్భుతం సార్. మా అమ్మకి రెండు కాళ్ళూ పడిపోయి ఏడాదైందండి. పొద్దున్న లేస్తే మీ వీడియోనే పెట్టమంటుందండి. మీరు గుప్పెట చూపిస్తారే, అక్కడ ఆపమంటుంది. అది చూసుకునే ఇంత అన్నం తింటోందండి."

అంటూ అంటూ ఆగిపోయింది. నేను కూర్చున్న కుర్చీ ఏ కుర్చీయో అప్పుడు తట్టింది ఆవిడకి. కళ్ళు నా ముఖం మీంచి నా చేతుల మీదకి దిగాయి. ఆ ముఖంలో వెలుగు కొంచెం కొంచెంగా తగ్గడం నేను చూశాను. నేను చూడకుండా ఉండాల్సింది.

"ముడవండమ్మా" అన్నారు డాక్టరుగారు మళ్ళీ.

ముడిచాను.

ఎలా ముడిచానో చెప్పలేను. లోపల ఎముకా ఎముకా ఒరుసుకున్న చప్పుడు నాకు వినబడింది. కళ్ళ ముందు బల్ల చెదిరింది. కానీ గుప్పెట ముడుచుకుంది. నర్సు నోట్లోనే స్తోత్రం అని కూర్చుంది.

డాక్టరుగారు మళ్ళీ ఎక్స్‌రే చూసి, నన్ను చూశారు. "ఇది చూస్తే మీరిలా ముడవలేరనిపిస్తోందమ్మా. నొప్పి లేదా?"

ఆయన నాకు తలుపు తీసి పట్టుకున్నట్టే. ఒక్క మాట చాలు.

"లేదండి" అన్నాను.

వరండాలోకి వచ్చాక వేళ్ళు తెరుచుకోలేదు. రూబీ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, ఒక్కొక్క వేలూ మెల్లగా తెరిచింది. అయిదో వేలు దగ్గర అడిగింది.

"ముడిచావా అమ్మా?"

"ముడిచాను."

అది ఎక్స్‌రేల సంచీ తీసుకుని లేచింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. గౌను కొనలేదేంటని అత్తగారు అడిగితే, నచ్చలేదని చెప్పింది.

వారం తిరక్కుండానే మెసేజి వచ్చింది. ఇరవై ఎనిమిది శాతం. హేమశ్రీ పనిగట్టుకుని ఇంటికొచ్చింది. అత్తగారు లోపలున్నారేమోనని చూసుకుని గొంతు తగ్గించింది.

"ఏం చేశారక్కా మీరు? ఆ చేతులకి ఇరవై ఎనిమిదేంటండి? అప్పీలు పెట్టుకోవచ్చు, మళ్ళీ పిలుస్తారు. కానీ మీరు మళ్ళీ బాగానే ఉందంటే ఎవరేం చేస్తారండి?"

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభమేంటి?  ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టలాదివారం వెళ్ళిన మర్నాడు రూబీ షెడ్డు వ్యాన్ ఎక్కింది. నర్సింగు కాలేజీ కాగితాలు గోడకి తగిలించిన సంచిలోనే ఉన్నాయి. దాన్ని వ్యాన్ ఎక్కించి వచ్చి నేను వంటింట్లో కూర్చుని గోడకి తల కొట్టుకున్నాను. ఆ నర్సు తల్లి ఎవరో నాకు తెలియదు. ఆవిడ ఇంత అన్నం తినడం కోసం నా కూతురి నోటి దగ్గర కూడు లాగేశాను. దేవుడికి సాయం చేస్తున్నాననుకున్నానా? ఆయనకి నా గుప్పెట కావాలా? నిజం చెప్పాలంటే, ఆ వారం రాత్రిళ్ళు నేను ఊరికే బావి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా రూబీ నా వెంట వచ్చేది. నా కొంగు వదిలేది కాదు.

గుడ్ ఫ్రైడే వెళ్ళింది. శనివారం మధ్యాహ్నం మా వాకిట్లో బల్లగుడ్డ నానబెట్టారు. అల్లినవాళ్ళింట్లోనే ఈస్టరు ముందు రోజు గుడ్డ ఉతికి, గంజి పెట్టి, నులకమంచం మీద పిన్నులతో సాగదీసి ఆరబెట్టడం మా సంఘంలో ఆనవాయితీ. పాస్టరుగారి భార్య సత్యవాణి అమ్మగారు, కరుణమ్మ వదిన, ఇంకో ఇద్దరు వచ్చారు. అత్తగారు మంచం పట్టె మీద కూర్చుని అజమాయిషీ చేస్తున్నారు.

రూబీకి ఆ రోజు ఒంటిపూట డ్యూటీ. వచ్చి మెట్టు మీద కూర్చుని అన్నం పెట్టుకుంది. అయిదు రోజులు ఐసులో రొయ్యలు ఒలిచిన చేతులు. వేళ్ళు ఎర్రగా ఉబ్బి, కొసలు పగిలి ఉన్నాయి. కూర కారం మంటని చెంచా తెచ్చుకుంది. రెండు ముద్దలు తిందో లేదో, చెంచా జారి మెట్టు మీద పడింది.

అందరూ అటు చూశారు.

"ఏంటే ఆ చప్పుడు?" అన్నారు అత్తగారు.

"ఏం లేదు మామ్మా. చెయ్యి తడిగా ఉంది."

అత్తగారు మనవరాలి వంక చూశారు. తర్వాత నా వంక చూశారు. ఆవిడ ముఖం అలా అయిపోవడం మా మామగారు పోయిన రోజున కూడా నేను చూడలేదు. మంచం దిగి మెట్టు దగ్గరికి వెళ్ళి, రూబీ చెయ్యి పట్టుకుని తిరగేసి చూసి, మళ్ళీ దాని ఒళ్ళోనే పెట్టేశారు. అక్కడ్నుంచి తిన్నగా తొట్టి దగ్గరికి వచ్చి, గుడ్డ చివర వెతికి, కొస ముడి దగ్గర పళ్ళతో కొరికారు.

లేసు అల్లేవాళ్ళకి తెలుసు. చివరి ముడి తెగితే, దారం పట్టుకుని లాగినకొద్దీ వచ్చేస్తుంది. ఎంత పనైనా వచ్చినదారినే వెనక్కి పోతుంది.

"అయ్యో, ఏంటండీ సంపూర్ణమ్మ గారూ! రేపు బల్ల ఆరాధన!" అని సత్యవాణి అమ్మగారు లేచి నిలబడ్డారు.

"ఇది నా చెయ్యి అమ్మగారూ" అన్నారు అత్తగారు లాగుతూనే. "నా కోడలిది కాదు. దానికి మధ్యలోనే చేతులు పడిపోయాయి. నేను అల్లి దాని పేరు పెట్టాను."

 కరుణమ్మ వదిన మెల్లగా అంది, "తెలుసు పిన్నీ."

"ఎవరికి తెలుసు?"

"అందరికీ తెలుసు. బల్ల మీద పరిచిన మొదటి ఆదివారమే. నీ చెయ్యి బిగువు పిన్నీ, ఆశ చెయ్యి వదులు. సంస్కారానికి మోకరిస్తే కళ్ళెదురుగా ఉండేది ఆ అంచే కదా. లేసు అల్లేవాళ్ళం, ఎవరి చెయ్యేదో పోల్చుకోలేమా?"

నాకు ఊరట కలిగిందనుకుంటున్నారేమో. ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళు ఇంటింటా చాప మీద కూర్చోబెట్టి నా చేత సాక్ష్యం చెప్పించుకున్నారు వీళ్ళు!

"మరి ఒక్కరైనా నాతో అనలేదేంటి వదినా?" అని అరిచాను.

"నువ్వు చెప్పలేదుగా ఆశా" అంది.

 ఆవిడ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని వచ్చి, అత్తగారి చేతిలోంచి వస్తున్న తడి దారాన్ని ఉండ చుట్టడం మొదలుపెట్టింది. అత్తగారు వరస తర్వాత వరస లాగుతున్నారు. ఆవిడ మధ్యాహ్నాలన్నీ అలా జలజలా ఊడిపోతుంటే, వద్దని అరవాలనిపించింది.  ఒకచోట దారం మారిన ముడి తగిలింది. ఆవిడ ఆగారు.

"ఇక్కడే కదూ, అమ్మాయ్?"

దగ్గరికి వెళ్ళి చూశాను. రెండేళ్ళ తర్వాత మొదటిసారి మేమిద్దరం ఆ సంగతి మాట్లాడుకోవడం.

"కాదు అత్తయ్యా. ఇంకో రెండు వరసలు. ఆ రెండూ నొప్పి తెలియకుండా మాత్ర వేసుకుని అల్లాను. అవి కూడా నావి కావు."

ఆవిడ ఆ రెండు వరసలూ లాగేశారు. ముడి వేయమని కొస నాకిచ్చారు. నా వేళ్ళకి కుదర్లేదు. రూబీ ప్రయత్నించింది, దాని వేళ్ళకీ కుదర్లేదు. అప్పుడు మా అత్తగారు, ఆ చెయ్యి చూసీ ఈ చెయ్యి చూసీ, నేల మీద కూలబడి ఏడ్చారు. "నా ఉపవాసం ఆయనకి చాలలేదే. నేను ఇంకో నలభై రోజులు ఉండాల్సిందే" అని ఏడ్చారు. ఆవిడని పట్టుకోవడానికి కూడా నా చేతులు పనికి రాలేదు. పక్కన కూర్చుని భుజానికి భుజం ఆనించాను.

మర్నాడు ఈస్టరు ఆరాధనలో, కరుణమ్మ వదిన కొస ముడివేసిన ఆ గుడ్డ బల్లకి మూరెడు పైగా చాలలేదు. ఒక పక్కన చెక్క బయటికి కనబడుతోంది. పాస్టరుగారు ఒక్క క్షణం చూసి, ద్రాక్షారసం గిన్నె తెచ్చి ఆ చెక్క మీదే పెట్టారు. సాక్ష్యాలు చెప్పేవాళ్ళు ముందుకు రండని పిలిచినప్పుడు అలవాటు కొద్దీ నాలుగైదు తలలు నా వైపు తిరిగాయి. నేను లేవలేదు. అత్తగారు నా మోచెయ్యి పొడవలేదు.

మే ఒకటో తారీఖున హేమశ్రీ వచ్చింది. అత్తగారు వేలిముద్ర వేసి, డబ్బు లెక్కపెట్టుకోకుండానే రొంటిన దోపుకున్నారు.

"అమ్మా, మా కోడలికి ఆ అప్పీలేదో పెట్టు. దానికి చేతులు పనిచేయవు."

జూన్‌లో మళ్ళీ పిలిచారు. దాని ఫలితం ఈ రోజుకీ రాలేదు. నర్సింగు కాలేజీలో చేరే గడువు ఈ ఏటికి దాటిపోయింది. రూబీ ఇంకా వ్యాన్ ఎక్కుతూనే ఉంది. రాత్రి మెలకువ వస్తే రెండు జతల చేతులకి కొబ్బరినూనె రాస్తూ అత్తగారు కనబడతారు. ఆ నర్సు తల్లి ఎలా ఉందోనని అప్పుడప్పుడు గుర్తొస్తుంది. వీడియో తీసేయమని చాలామంది చేత చెప్పించాం. తీయలేదు.

జూన్‌లో పిలిచిన ఆ రోజు గది వేరు, డాక్టరుగారు వేరు. అత్తగారు లోపలికి వస్తానని పట్టుబట్టి నా కుర్చీ వెనకాలే నిలబడ్డారు. ఆయన కాగితాలు చూసి, తలెత్తకుండానే "గుప్పెట ముడవండమ్మా" అన్నారు.

నేను రెండు చేతులూ తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

"ముడవలేనండి" అన్నాను.